తోక విని చెప్పిన జవాబు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఇంకాస్త. నా గొంతు ఇప్పుడు ఆ గోడదాకా కూడా పోదు. ఈ సంగతి మాత్రం చాలా దూరం పోవాలి, అందుకే ముందు నీ చెవిలో వేస్తున్నాను. పిన్ని అంత బాగా ఇంగ్లీషు చెప్పేదట కదా, ఎందుకు మానేసిందమ్మమ్మా అని మొన్న అడిగావు. దాన్నే అడిగితే లేచి వెళ్లి ఆరిన బట్టలు మళ్లీ మడతపెడుతుంది. అది చెప్పదు. నేను చెప్తాను, విను.

అప్పట్లో మీ పిన్ని ఒక పెద్ద హోటల్లో పనివాళ్లకి ఇంగ్లీషు నేర్పేది. హోటలంటే గాజు తలుపులుండే వైపు అనుకునేవు. కాదు. వెనకాల చెత్తబళ్లు ఆగే సందులోంచి వెళ్తే మెట్లు కిందికి దిగుతాయి, అక్కడ బట్టలుతికే హాలు. పై గదుల్లో పరిచిన దుప్పట్లన్నీ అక్కడికే చేరతాయి. ఒకవైపు గిరగిరా తిరిగే డ్రమ్ములు, ఒకవైపు మూటలు, మధ్యలో రోలరు. మనిషి నడుమంత లావు ఇనప రోలరది, లోపలంతా మరిగే ఆవిరి. ఇద్దరు ఆడవాళ్లు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని, ముడత లేకుండా లాగి దాని నోటికి అందిస్తారు. అటువైపు ఇస్త్రీ అయి పొగలు కక్కుతూ బయటికొస్తుంది, మరో ఇద్దరు అందుకుని మడతేస్తారు. ఆ నోటి ముందు అడ్డంగా ఒక ఇనప పట్టీ ఉండేది. చెయ్యి కాస్త ముందుకి పోయి దానికి తగిలిందంటే చాలు, రోలరు టక్కున ఆగిపోతుంది. అడ్డపట్టీ అనేవాళ్లు దాన్ని. ఆ పట్టీని గుర్తుపెట్టుకో.

మధ్యాహ్నం తిండి వేళ మెషీన్లు ఆపగానే క్లాసు. బల్లలూ కుర్చీలూ ఎక్కడివి, దుప్పట్ల మూటల మీదే కూర్చునేవాళ్లు. బాగా మాట్లాడినవాళ్లని పై అంతస్తులకి మారుస్తానన్నాడు మేనేజరు. పైన చల్లటి వరండాలు, కాళ్ల కింద మెత్తటి తివాచీలు. కింద ఆవిరిలో ఉడికేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? అందరికంటే ఆశపడింది ఒక చిన్న మనిషి. పిట్టంత ఉండేది, నోరు మాత్రం ఆగేది కాదు, అందుకని పిచ్చుకా అని పిలిచేవాళ్లు. రోలరుకి దుప్పట్లు అందించేది అదే.

"నేను పైకి పోతానత్తా, చూస్తూ ఉండు, ఈ ఏడాదే పైకి పోతాను" అనేది.

"ఆ మాట అలా అనకే, గుండె గుభేలుమంటుంది" అనేది మడతల అత్త. ఆవిడ అటువైపు నిలబడి మడతలేసే పెద్దావిడ. ఎవరికి అత్తో ఎవరికీ తెలీదు, అందరికీ అత్తే.

ఆ మేనేజరుకి మన మాట రాదు. ఆయనకీ, వచ్చే గెస్టులకీ ఒక అలవాటు ఉండేది. ఏ మాటన్నా చివర ఓ ప్రశ్న తగిలిస్తారు. దానికి జవాబు చెప్పడం రాక మనవాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారని, ముందు అదే నేర్పమన్నాడు. మీ పిన్ని ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేస్తుంటే, కూర తరుగుతూ వినీ వినీ, చదువు అంటని నాకే వచ్చేసింది. మనకి ఒక్క 'కదా' చాలు. వానొస్తోంది కదా, నువ్వు తిన్నావు కదా, వాడు రాలేదు కదా, అన్నిటికీ అదే. వాళ్లకి అలా కుదరదట. మాటని తలా తోకా అని రెండు చేసుకో. తలలో సాయంగా ఏ పదం నిలబడిందో దాన్నే లాక్కొచ్చి తోకలో పెట్టాలి. ఈజ్ ఉంటే ఈజింట్, కెన్ ఉంటే కాంట్. సాయానికి ఎవరూ లేకపోతే డూ, డజ్, డిడ్ అని ముగ్గురున్నారు, కాలాన్నీ మనిషినీ బట్టి వాళ్లలో ఎవరో ఒకరు వస్తారు. మనిషి పేరు తోకలో చెల్లదు, హీ అనో షీ అనో మార్చాలి. ఇంకో తమాషా ఏమిటంటే, తల అవునంటే తోక కాదనాలి, తల కాదంటే తోక అవుననాలి. ఇట్ ఈజ్ హాట్, ఈజింట్ ఇట్? ఇట్ ఈజింట్ హాట్, ఈజ్ ఇట్? ఆ తోక దగ్గర గొంతు పైకి లేస్తే నిజంగా అడుగుతున్నట్టు. కిందికి దిగితే అడుగుతున్నట్టు కాదు, వాళ్లకి ముందే తెలుసు, మనం ఊఁ కొట్టాలంతే. ఈ గొంతు సంగతి నాకెందుకో అప్పుడే నచ్చలేదు.

తోకలు కట్టడం బాగానే వచ్చింది ఆడవాళ్లకి. చిక్కంతా జవాబు దగ్గరే.

"యూ ఆరింట్ టైర్డ్, ఆర్ యూ?" అని పిచ్చుకని అడిగింది మీ పిన్ని. నువ్వు అలిసిపోలేదు కదా అని.

"ఎస్ టీచరమ్మా!"

"అంటే అలిసిపోయావా?"

"అయ్యో, లేదండీ. అలిసిపోలేదు కదా అని మీరన్నారు, అవును అలిసిపోలేదు అని నేనన్నాను."

"అక్కడ అలా అనకూడదు. అలిసిపోకపోతే నో అనాలి."

"అవునన్నదాన్ని కాదనాలా?" పిచ్చుక నోరు తెరిచింది.

"మా ఆయనతో మాట్లాడినట్టే ఉంది" అంది మడతల అత్త. "ఎటన్నా తిట్లే."

మూటల మీద మూటల్లా దొర్లి నవ్వారు. మీ పిన్నీ నవ్వింది. కానీ వారం చివర్లో మేనేజరు క్లాసు చూడటానికి వస్తాడు. అప్పటికి జవాబులు రావాలి. ఇంట్లో నాలుగు మెతుకులు కెలికి లేచిపోయింది, ఆలోచించి ఆలోచించి ఒక కిటుకు కనిపెట్టింది. మర్నాడు వెళ్లి చెప్పింది: "తల సంగతి వదిలేయండి. తోక ఒక్కటీ వినండి. తోకలో 'ంట్' వినిపిస్తే ఎస్ సర్. వినిపించకపోతే నో సర్. తోకలో ఏ మాటుందో దాన్నే తిప్పి చెప్పండి. గెస్టుకి నచ్చే జవాబే వస్తుంది."

అలాగే వచ్చేది మరి. అడిగేవాడు తనకి కావలసిందే తలలో పెడతాడు, తోక పట్టుకుని తిప్పి చెప్తే వాడికి కావలసిందే వాడికి దక్కుతుంది. మీ పిన్ని మడతల బల్ల మీద చరిచి "డిడింట్ యూ?" అనేది. "ఎస్ సర్, ఐ డిడ్!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచేవాళ్లు. "డిడ్ యూ?" "నో సర్, ఐ డిడింట్!" బంతి గోడకి కొడితే తిరిగొచ్చినట్టు వచ్చేది జవాబు. పిచ్చుక అందరికంటే ముందుండేది. మేనేజరు వచ్చి చూసి చప్పట్లు కొట్టాడు. వచ్చే నెల నుంచి మీరు మా మనిషేనమ్మా, ఖాయం చేయిస్తాను అని మీ పిన్నితో చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి నన్ను నడుం పట్టుకుని ఎత్తబోయింది, తెలుసా.

తర్వాతి క్లాసుకి మీ పిన్ని వెళ్లేసరికి, తిండి వేళైనా మెషీన్లు ఆపలేదు. పైన ఏదో పెద్ద మీటింగట, గదులన్నీ నిండిపోయాయి, తడి దుప్పట్లు గుట్టలుగా పడున్నాయి. నీళ్లు సరిగ్గా పిండకుండానే వచ్చిన దుప్పట్లు ఉండలు కట్టి అడ్డపట్టీకి తగులుతున్నాయి. తగిలినప్పుడల్లా రోలరు ఆగుతోంది. ఆగినప్పుడల్లా సూపర్‌వైజరు పరిగెత్తుకొస్తున్నాడు. ఆయన నోట్లోంచి "కానీయ్, కానీయ్" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు, వెనకాల ఆడవాళ్లు ఆయన్ని కానీయ్‌గారు అనేవాళ్లు.

మీ పిన్ని చాక్‌పీసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అక్కణ్నించి అన్నీ కనిపించాయి దానికి. కానీయ్‌గారు గొంతుక్కూర్చుని పానాతో బోల్టులు విప్పాడు. అడ్డపట్టీ ఊడదీశాడు. దాన్ని తీసుకెళ్లి సబ్బుపొడి డబ్బాల వెనకాల గోడకి ఆనించాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"సార్, అది లేకపోతే ఎలా సార్?" అంది పిచ్చుక.

"సాయంత్రం పెట్టేస్తాలేమ్మా. నీ చెయ్యి నీ దగ్గర పెట్టుకో. కానీయ్."

మీ పిన్నిని చూసి, "ఇవాళ క్లాసు లేదు టీచరుగారూ, మీరూ కానీయండి" అన్నాడు. మీ పిన్ని ఇంటికొచ్చేసింది. సగం రోజు కలిసొచ్చిందని తలంటుకుంది కూడా.

ఆ తర్వాత జరిగింది మడతల అత్త చెప్పింది. తడి దుప్పటి కొస పిచ్చుక మణికట్టుకి చుట్టుకుంది. విదిలించుకోబోయింది. దుప్పటి లోపలికి పోతోంది, దాంతోపాటు చెయ్యి. అటువైపు అత్తకి దుప్పటి అంచు ఇంకా బయటికి రాలేదు, కేక వినపడింది. మూటల మీంచి దూకి వచ్చి రోలరు ఆపే ఎర్ర మీట లాగేసింది, ఆ వయసులో. అప్పటికే కాలింది. ఎలా కాలిందో చెప్పనులే, నువ్వింకా అన్నం తినాలి.

కట్టు కట్టించి పంపారు. కొన్నాళ్లకి విచారణ అన్నారు. మేనేజరు గదిలో ఆయనా, ఓ పక్కన కానీయ్‌గారూ, ఎదురుగా పిచ్చుక. ఇంగ్లీషు మాట తెలుగులోకీ, తెలుగు మాట ఇంగ్లీషులోకీ తిప్పి చెప్పడానికి మీ పిన్నిని పిలిచారు. అన్నీ అడిగి పెద్ద ఆఫీసుకి పంపాలట, వాళ్లు చెప్పినదాన్నిబట్టి వైద్యం, ఉద్యోగం. పిచ్చుక ఉతికిన చీర కట్టుకుని, కట్టున్న చేతిని ఒళ్లో పసిపాపలా పెట్టుకుని కూర్చుంది. రోలరు దగ్గర ఇక పని చెయ్యలేదు. పైకి మారిస్తే బతుకుతుంది, లేకపోతే ఇంటికి పోవాలి. అదీ దాని బెంగ.

మేనేజరు పెన్ను తిప్పుతూ మెల్లిగా మొదలుపెట్టాడు. "యూ ఆర్ ఫీలింగ్ బెటర్, ఆరింట్ యూ?" ఇప్పుడు నయంగా ఉంది కదా అని. మీ పిన్ని తెలుగులో చెప్పబోయేలోగా పిచ్చుక నిటారుగా కూర్చుని, "ఎస్ సర్, ఐ యామ్" అంది. మేనేజరు కనుబొమలు లేచాయి. పిచ్చుక మీ పిన్ని వైపు చూసింది, బాగా చెప్పానా అన్నట్టు. మీ పిన్ని తల అలవాటుగా ఊగింది. మేనేజరు అరచెయ్యి ఎత్తి మీ పిన్నిని ఆపాడు. నువ్వు తిప్పక్కర్లేదు, ఆవిడే మాట్లాడుతోందిగా అని.

"యూ వర్ ఇన్ ఎ హర్రీ, వరింట్ యూ?" తొందరలో ఉన్నావు కదా.

"ఎస్ సర్, ఐ వాజ్."

"యూ టుక్ ద సేఫ్టీ బార్ ఆఫ్ యువర్‌సెల్ఫ్, డిడింట్ యూ?" ఆ పట్టీ నువ్వే తీశావు కదా.

"ఎస్ సర్, ఐ డిడ్."

మళ్లీ మీ పిన్ని వైపు చూసింది. మీ పిన్ని తల మళ్లీ ఊగింది తల్లీ. ఊగాక తెలిసింది దానికి, ఏ మాటకి ఊగిందో. నోరు తెరిచింది. ఎత్తిన అరచెయ్యి ఇంకా దించలేదు ఆయన. ప్రతి తోక దగ్గరా ఆయన గొంతు కిందికి దిగుతోంది, మెట్లు దిగినట్టు.

"హీ వార్న్‌డ్ యూ, డిడింట్ హీ?" ఈ సూపర్‌వైజరు నిన్ను హెచ్చరించాడు కదా.

"ఎస్ సర్, హీ డిడ్."

"యూ డిడింట్ లిజన్, డిడ్ యూ?" నువ్వు వినలేదు కదా.

పిచ్చుక ఒక్క క్షణం తడుముకుంది, ఇది 'ంట్' లేని తోక. "నో సర్, ఐ డిడింట్!" గెలిచినట్టు నవ్వింది.

కానీయ్‌గారు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. మేనేజరు పెన్నుకి మూత పెట్టాడు. థాంక్యూ అన్నాడు. పిచ్చుక వెల్‌కమ్ సర్ అంది. మీ పిన్ని కుర్చీలోంచి లేచింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. అంతే. గదిలోంచి అందరూ బయటికొచ్చేశారు.

సాయంత్రం మీ పిన్ని పిచ్చుక వాళ్లింటికి వెళ్లింది. సైకిలు రిపేరు కొట్టు మీద ఒక్క గది. పిచ్చుక కిటికీ దగ్గర కూర్చుని ఒంటిచేత్తో జుట్టుతో కుస్తీ పడుతోంది. నడుం దిగే జుట్టు దానిది, ఎవరి కళ్లూ పడకుండా ముడేసి దాచేది.

"సమయానికి వచ్చారు టీచరమ్మా, కాస్త జడెయ్యరూ. అక్క వచ్చేసరికి చీకటి పడుతుంది."

మీ పిన్ని వెనకాల కూర్చుని దువ్వెన అందుకుంది. చెప్పేద్దామనే వెళ్లింది, నాకు తెలుసు, వెళ్లేముందు నాతో అంది. చిక్కు తీస్తూ మాట వెతుక్కుంటోంది.

"నేను బాగా చెప్పానా?" అంది పిచ్చుక. "ఆ చివరిది మోసంగా అడిగాడు, చూశారా, నో అనాల్సింది. నేను తడబడతానేమో అనుకున్నాడు. మీ మొహం చూశాక ధైర్యం వచ్చింది. తోకలేం తప్పలేదు కదూ?"

"తప్పలేదు" అంది మీ పిన్ని.

"అక్క రాగానే చెప్తాను, ఇంగ్లీషులో సమాధానం చెప్పానే, మేనేజరు నోరెళ్లబెట్టాడే అని. నమ్మదు. పైకి వేస్తారంటారా?"

మీ పిన్ని మూడు పాయలూ బిగించి అల్లింది. పిచ్చుకకి దాని మొహం కనపడదు కదా, వెనకాలుందాయె. "చూద్దాం" అంది. జడ కొసకి రిబ్బను చుట్టి, "బాగా చెప్పావు" అని కూడా అంది. ఎందుకన్నావే అని ఆ తర్వాత నేనడిగితే, ఇంకేం అనాలో తోచలేదమ్మా అంది.

మర్నాడు హోటలు వెనక గేటు దగ్గర వాచ్‌మన్ పిచ్చుకని ఆపేశాడు. "నీకు లోపలికి లేదట. తప్పు నీదేనని నువ్వే ఒప్పుకున్నావటగా, అదీ ఇంగ్లీషులో" అన్నాడు. పిచ్చుక ముందు నవ్విందట, వేళాకోళం అనుకుని. మడతల అత్త అప్పుడే వచ్చి చూస్తే, గేటు ఊచ పట్టుకుని నిలబడుంది. "అత్తా, నేను ఏం ఒప్పుకున్నాను? పలకరించినట్టే మాట్లాడాడు. టీచరమ్మ కూడా అక్కడే ఉంది, అడుగు" అంది.

అత్త అడిగేదాకా ఆగలేదు మీ పిన్ని, తనే మేనేజరు దగ్గరికి వెళ్లింది. చాక్‌పీసు డబ్బా గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు సర్, పట్టీ తీసింది ఆవిడ కాదు అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఆయన కోప్పడలేదు. కూర్చోమన్నాడు. మంచినీళ్లు ఇప్పించాడు.

"ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడింది, కదా?" అన్నాడు. ఆయనా ఇంగ్లీషులోనే అన్నాడనుకో, నీకు సులువుగా చెప్తున్నాను. "ఆ ఇంగ్లీషు నేర్పింది మీరు, కదా? మీరు నేర్పినవాళ్లకి తాము ఏం అంటున్నారో తెలుస్తుంది, కదా? తెలియదంటే ఇన్నాళ్లూ మీరు నేర్పిందేమిటని మా పెద్దవాళ్లు నన్ను అడుగుతారు." కాస్త ఆగి, చివరగా చాలా ప్రేమగా, "యూ వాంట్ టు స్టే విత్ అజ్, డోంట్ యూ?" అన్నాడు. ఇక్కడే ఉండాలనుంది కదా మీకు.

పిచ్చుకకి తోక ఒక్కటే తెలుసు. మీ పిన్నికి తలా తెలుసు, తోకా తెలుసు, గొంతు ఎందుకు కిందికి దిగిందో కూడా తెలుసు.

"ఎస్ సర్," అంది. "ఐ డూ."

నా కడుపున పుట్టిందే. అయినా చెప్తున్నాను.

వారం తిరక్కుండానే పెద్ద ఆఫీసు నుంచి ఒక కళ్లజోడాయన వచ్చాడు, హోటలంతా చూడటానికి. మేనేజరు ఆయన్ని కింది హాలుకి కూడా తీసుకొచ్చాడు, మా పనివాళ్ల ఇంగ్లీషు వినండి సర్ అని. మెషీన్లు ఆపించారు. ఆడవాళ్లు మూటల మీద కూర్చున్నారు. పిచ్చుక కూర్చునే మూట ఖాళీగా ఉంది, ఎవరూ దాని మీద కూర్చోలేదు. గోడ దగ్గర సబ్బుపొడి డబ్బాల వెనకాల అడ్డపట్టీ కొస కనపడుతోంది. ఇంకా పెట్టలేదు దాన్ని.

మీ పిన్ని బల్ల మీద చరిచి నవ్వుమొహం పెట్టింది. "ఇట్ ఈజ్ ఎ లవ్లీ మార్నింగ్, ఈజింట్ ఇట్?"

జవాబు రాలేదు.

మళ్లీ చరిచింది. "యూ ఆల్ లైక్ యువర్ వర్క్, డోంట్ యూ?" మీ పని మీకు ఇష్టమే కదా అని.

డ్రమ్ములోంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారడం వినపడుతోంది. ఆడవాళ్లు మీ పిన్నినే చూస్తున్నారు, కోపంగా కూడా కాదు, ఏదో బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. కానీయ్‌గారు "ఊఁ, కానీయండమ్మా, కానీయండి" అన్నాడు మెల్లిగా.

మడతల అత్త లేచి నిలబడింది. చేతిలో దిండు గలీబు ఒకటుంది, దాన్ని మడిచి, మళ్లీ మడిచి, బల్ల మీద పెట్టింది. "తోక వినపడింది టీచరమ్మా," అంది. "తల ఏమిటో చెప్పండి ముందు. తెలుసుకుని చెప్తాం."

"ఏమంటోంది ఆవిడ?" అని కళ్లజోడాయన మేనేజర్ని అడిగాడు. మేనేజరుకి మన మాట రాదు కదా, మీ పిన్ని వైపు చూశాడు. కళ్లజోడాయనా దాని వైపే తిరిగి, "దే డూ నో వాట్ దే ఆర్ సేయింగ్ ఎస్ టు, డోంట్ దే?" అన్నాడు. దేనికి ఎస్ అంటున్నారో వీళ్లకి తెలుసు కదా అని. ఆ చివర గొంతు పైకి లేచింది. నిజంగానే అడిగాడు.

"నో సర్," అంది మీ పిన్ని. "దే డోంట్."

ఆ మాట వచ్చాక మిగతావీ వచ్చేశాయి. పిచ్చుకకీ తెలియదని చెప్పింది. తోక విని తిప్పి చెప్పడం నేర్పింది తనేనని చెప్పింది. పట్టీ తీసింది సూపర్‌వైజరని, తను గుమ్మంలో నిలబడి చూసిందని చెప్పి, వెళ్లి డబ్బాలు జరిపి చూపించింది. చెప్తున్నంతసేపూ ఎవరూ అడ్డు రాలేదు. కళ్లజోడాయన కళ్లజోడు తీసి, ఆవిరి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. పట్టీకేసి చూశాడు. మేనేజరుకేసి తిరిగాడు.

"వెరీ అన్‌ఫార్చునేట్, ఈజింట్ ఇట్?" అన్నాడు. పాపం కదా అని. ఈసారి గొంతు దిగింది.

"ఎస్ సర్," అన్నాడు మేనేజరు. "ఇట్ ఈజ్."

ఇద్దరూ మెట్లెక్కి వెళ్లిపోయారు. పైన వాళ్లకి భోజనం సిద్ధంగా ఉంది.

అడ్డపట్టీ ఆ సాయంత్రమే బిగించారు. ఎవరు తీశారని ఎవరూ ఎవర్నీ అడగలేదు. కానీయ్‌గారిని ఇంకో హోటలుకి మార్చారు, అక్కడా కానీయ్ అంటూనే ఉండుంటాడు. పిచ్చుకని మాత్రం పిలవలేదు. ఒకసారి ఒప్పుకున్నాక మళ్లీ మార్చడం కుదరదట. మీ పిన్నికి క్లాసులు ఇక అవసరం లేదని కబురొచ్చింది, పనివాళ్లు ఏం నేర్చుకున్నట్టు కనపడలేదని. అది ఏ ఉద్యోగం కోసం ఎస్ అందో ఆ ఉద్యోగమూ పోయింది, ఏ మనిషి కోసం నో అందో ఆ మనిషికీ ఒరిగిందేం లేదు. అదే నో ఆ గదిలో, ఆ అరచెయ్యి కిందనే అనుంటే ఏమయ్యేదో. ఏమో. ఇప్పుడు లెక్కేసి ఏం లాభం.

పిచ్చుక దగ్గరికి వెళ్లడానికి దానికి కాళ్లు రాలేదు. నేనే వెంటబెట్టుకు వెళ్లాను, పదవే అని. సైకిలు కొట్టు పక్క మెట్లెక్కి వెళ్తే పిచ్చుక గుమ్మంలోనే కూర్చునుంది. కట్టు విప్పేశారు. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి, ఎండిన ఆకులా. జుట్టు భుజాల దాకా కత్తిరించేసుకుంది.

"అయ్యో, జుట్టేమయిందే?" అన్నాను నేను.

"జడేసుకోవడం కుదరట్లేదు పెద్దమ్మా. అక్కని రోజూ ఏం బతిమాలుకోను" అంది.

మీ పిన్ని వాకిట్లోనే నిలబడి అంతా చెప్పింది. పెద్దాయన ముందు నిజం చెప్పేశానని, ఇంకా ఎవరికైనా చెప్పమన్నా చెప్తానని. పిచ్చుక విన్నది. ఒకప్పుడు ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండా అందుకునే మనిషి, చివరిదాకా విన్నది.

"ఆ రోజు ఆ గదిలో," అంది అప్పుడు, "ఆయన అడిగింది మీకు అర్థమైంది కదా టీచరమ్మా?"

గొంతు పైకి లేవలేదు తల్లీ. కిందికే దిగింది.

"అయింది" అంది మీ పిన్ని.

పిచ్చుక తలూపింది. తిట్టుంటే బాగుండేది. లోపలికి వెళ్లి ఎడంచేత్తో రెండు గ్లాసులు మంచినీళ్లు తెచ్చిచ్చింది, ఒక్కొక్కటీ విడివిడిగా, రెండుసార్లు నడిచి. తాగి వచ్చేశాం. ఇంటికొచ్చి మీ పిన్ని ఆరిన బట్టలన్నీ ముందేసుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ పెడుతూనే ఉంది, చూస్తున్నావుగా.

మడతల అత్త మొన్నమొన్నటిదాకా కనపడేది. ఆ హాల్లో ఇప్పుడు ఎవరేం అడిగినా ఆడవాళ్లు ముందు తల అడుగుతారట. విసుక్కుంటారట పైవాళ్లు. విసుక్కోనీ.

నేను ఎన్నాళ్లుంటానో, ఇది నీ దగ్గర దాచుకో. నీ స్నేహితులకి చెప్పు, రేపు నీ పిల్లలకి చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం, ఆ పట్టీ తీసింది సూపర్‌వైజరే కదా అని ఎవర్నీ అడక్కు తల్లీ. తీసింది సూపర్‌వైజరు. చూసింది మీ పిన్ని. కాలింది పిచ్చుక చెయ్యి. చివర ఏమీ తగిలించకుండా, అలాగే చెప్పు.